ఆశమ్మ నడుము

కీళ్ళ జబ్బుల విభాగంలో పరిశోధనకు కొత్తగా చేరిన పిల్లలను మొదటి వారం నేను పుస్తకం ముట్టనిచ్చేదాన్ని కాదు. వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళు ఎలా కూర్చుంటున్నారో, ఎలా లేస్తున్నారో చూడమనేదాన్ని. మేడం మాకు పని చెప్పడం లేదని వాళ్ళు వెనకాల గొణుక్కునేవాళ్ళు. ఆ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉరవకొండ దాటాక వచ్చే ఒక ఊళ్ళో, ఒకామె వల్ల వచ్చింది. రిటైరయ్యాక తీరిక చిక్కింది కనుక ఆ సంగతి చెబుతాను. పరిశోధనలోకి వచ్చేవాళ్ళకు ఎక్కడైనా పనికొస్తుందేమో.

అప్పుడు మా బృందం ఒక వెన్ను జబ్బు మీద పనిచేస్తోంది. దాని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి వెన్ను కీళ్ళ మీద పడుతుంది. వయసులో ఉన్నవాళ్ళనే పట్టుకుంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి, మనిషి మెడ తిప్పి పక్కవాణ్ణి కూడా చూడలేడు. ముందుగా కనుక్కుంటే మందులున్నాయి. అసలు తంటా ఆ ముందుగా అన్న మాట దగ్గరే.

ఈ జబ్బు ఉన్నవాళ్ళ రక్తం నమూనాలు మా దగ్గర ఉన్నాయి. పోల్చి చూడడానికి, నడుము బిగిసి కూడా ఈ జబ్బు లేనివాళ్ళ రక్తం కావలసి వచ్చింది. అనంతపురం పల్లెల్లో అలాంటివాళ్ళ కోసం వెతకనక్కర లేదు. వానలు లేక బోర్లు ఏటేటా లోతుకు పోతాయి. చాలాచోట్ల ఆ లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగే పిల్లల పళ్ళకు గోధుమరంగు మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఎముకలు రాయిలా గట్టిపడి నడుములు వంగిపోతాయి. ఊళ్ళో దానికి 'నీళ్ళ నడుము' అని పేరు.

మా విభాగం పెద్దసారు ఒక ఊరి పేరు చెప్పి, "అక్కడికి వెళ్ళండి. ఊరంతా నీళ్ళ నడుమే. మన పోలికకు అంతకన్నా మంచి ఊరు దొరకదు" అన్నారు. ఆయన మాటంటే విభాగంలో అందరికీ గురి. నాకూ గురే.

నేనూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక చిన్న డాక్టరమ్మాయీ జీపులో వెళ్ళాం. బడి దగ్గర దిగి మా పని చెబితే, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు.

"ఇంతకు ముందు వచ్చినోళ్ళు మా పిల్లోళ్ళ పండ్లు ఫోటోలు తీసుకున్యారు. సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయినారు. మళ్ళా ఈ తట్టు చూసినోళ్ళు లేరు. ఇప్పుడు నెత్తురు కావాల్నా మీకు?"

అంతలో ఒకామె గబగబా నడుచుకుంటూ వచ్చింది. ముప్పై అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. ఆశా కార్యకర్త. ఊరంతా ఆమెను ఆశమ్మ అనే పిలుస్తారు. మేమూ చివరిదాకా అలాగే పిలిచాం.

"ఉండు పెద్దాయనా, అడగనీ" అని, నా వైపు తిరిగింది. "నెత్తురు నేను ఇప్పిస్తా మేడం. కానీ మీరు కనుక్కున్యేది మాకు కాగితం మీద రాసియ్యల్ల. మంచి నీళ్ళ పైపు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాండాం. మేము చెప్తే ఇనరు. డాక్టర్లు రాసిస్తే ఇంటారు."

రాసిస్తానన్నాను. అలా ఒప్పందం కుదిరింది.

ఆమె లేకపోతే ఆ ఊళ్ళో మాకు ఒక్క చుక్క రక్తం దొరికేది కాదు. రక్తం ఇచ్చినవాళ్ళలో కొందరికి అనంతపురంలో ముంజేతి ఎక్స్‌రేలు కూడా తీయించాం. ఏ ఇంట్లో ఎవరు పొలం పోయారో, ఎవరు గొర్రెల వెంట పోయారో, ఎవరు అలిగి పడుకున్నారో అన్నీ ఆమెకు తెలుసు. మా ప్రశ్నలు కూడా ఆమే చదివి వినిపించేది. అందులో ఒక ప్రశ్న మా పరువు తీసింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో కూర్చుని ఎవరో తెలుగు చేసిన ప్రశ్న: "మీకు ఉదయపు బిగుతు ఎంతసేపు ఉంటుంది?" లేవగానే నడుము పట్టేస్తుందా అని దాని భావం. ఆ పెద్దాయన దాన్ని విని, "నాకేం బిగుతమ్మా, నేను పంచె కట్టేవాణ్ణి" అన్నాడు. ఆడవాళ్ళు రవికలు చూసుకుని నవ్వారు. అందరూ లేదు లేదు అన్నారు. మేమూ లేదనే రాసుకున్నాం. నడుములు నీళ్ళవే కాబట్టి లేదనే రావాలని మాకూ మనసులో ఉంది. అందుకని అనుమానం రాలేదు.

ఆశమ్మకు కూడా కొంచెం గూని ఉంది. ఆ ఊళ్ళో అది వింత కాదు. ఆమె ఇచ్చిన రక్తాన్ని కూడా పోలిక గుంపులోనే వేశాం. ఎవరైనా ఆఫీసరు వస్తే మొదట తన నడుమే చూపించేది. "చూడండి సార్, ఈ వయసుకే మా నీళ్ళు నన్ను ఇట్ల చేసినాయి" అనేది. ముసలివాళ్ళ నడుము చూసి కదలని ఆఫీసర్లు కూడా ఆమెను చూసి ఒక క్షణం ఆగేవాళ్ళు. అలా ఆమె నడుము ఊరి అర్జీలో ఒక భాగమైపోయింది.

ఒకరోజు పక్కనున్న చిన్న పల్లెకు పోతూ ఉంటే జీపు టైరు పంక్చరైంది. స్టెప్నీ చూస్తే అందులోనూ గాలి లేదు. డ్రైవరు టైరు తీసుకుని, దారిన పోయే బండి ఎక్కి ఉరవకొండకు పోయాడు. నేనూ, చిన్న డాక్టరమ్మాయీ కానుగ చెట్టు కింద చతికిలబడ్డాం. పొద్దున కట్టించుకున్న బొరుగుల ఉగ్గాణి పొట్లం విప్పాం. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆశమ్మ మాత్రం నీడలోకి రాకుండా రోడ్డు మీద ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తోంది.

"ఎండలో ఏం పని? వచ్చి కూర్చోమ్మా" అన్నాను.

"కూచుంటే లేసేది కష్టం మేడం. తిరుగుతాంటేనే నాకు బాగుంటాది."

ఆ మాట వినగానే నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. అరిగిన నడుము గాని, నీళ్ళకు గట్టిపడిన నడుము గాని, సాధారణంగా తిరిగితే నొస్తుంది, కాసేపు వాలితే నెమ్మదిస్తుంది. తిరిగితే నెమ్మదించి, కూర్చుంటే పట్టేసేది వేరే నడుము.

"పొద్దున్నే ఎట్లుంటాది?" అని అడిగాను. నేనూ ఈ జిల్లా దాన్నే. అక్కర పడినప్పుడు మా ఇంటి మాటే వస్తుంది నోటికి.

"లేసేటప్పుడా? పక్కకు దొర్లి, మంచం కోడు పట్టుకోని లేస్తా. కసువు ఊడ్చి, నీళ్ళు మోసేలోపల ఇడుస్తాది. మా అత్త అంటాది, పని చేస్తేనే బాగుండేదాన్ని నిన్నే చూసినానే అని."

"కండ్లు ఎప్పుడన్నా ఎర్రగా అయితాయా?"

ఆమె ఆగి నన్ను చూసింది. "మీకెట్ల తెలుసు? ఏడాదికొకసారన్నా అయితాది. ఒక కన్నే. ఎలుతురు చూడలేను. చుక్కల మందు ఏస్తే పోతాది."

మడమ నొప్పి ఉంది. ఇవన్నీ ఎప్పటి నుంచి అంటే, పెండ్లికి ముందు నుంచే అంది. ఆమె పుట్టినిల్లు కొత్తచెరువు పక్కన. కాలేజీకి పోయే రోజుల్లో బస్సులో కూర్చుంటే పట్టేసిన నడుము, దిగి నడిచి ఇల్లు చేరేసరికి సర్దుకునేదట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే మేనమామ సంగతి చెప్పింది. "ఆయప్ప చిన్నప్పుడే బెంగుళూరుకు పోయినాడు, హోటల్లో పనికి. ఈ నీళ్ళు తాగిందే లే. ఆయప్ప నడుము కూడా వంగిపోయింది."

చిన్న డాక్టరమ్మాయి తినడం మానేసి నా వైపు చూస్తోంది. ఆశమ్మను ఆ చెట్టు కిందే ముందుకు వంగమన్నాను. నడుము కింద, తుంటి ఎముక వెన్నును కలిసేచోట వేలితో నొక్కితే ఆమె పళ్ళు బిగించింది. అన్నాళ్ళూ ఊరందరి నడుములూ మాకు చూపించిన మనిషి నడుము మేము ఒక్కసారి కూడా చూడలేదు.

పెద్దసారుకు చెబితే ఆయన తేలిగ్గా తీసేశారు. "ఫ్లోరైడ్ ఊళ్ళో ఉన్న మనిషి. పైగా ఆడమనిషి. మగవాళ్ళకు వచ్చే జబ్బు కదా ఇది. ఈ జబ్బు గురించే ఆలోచిస్తూ ఉంటే ఎక్కడ చూసినా అదే కనిపిస్తుందమ్మా." ఆ రోజుల్లో మాకు నేర్పినదీ అదే. ఆడవాళ్ళకూ బాగానే వస్తుందనీ, వాళ్ళల్లో వెతకరు కాబట్టే దొరకదనీ అందరూ ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

అయినా ఆమెను అనంతపురం రప్పించి ఫోటోలు తీయించాను. ఎక్స్‌రేలు చదివే డాక్టరుగారు నవ్వకుండానే చురక వేస్తారు. ఆయన ఆశమ్మ ముంజేతి ఎక్స్‌రేను దీపం పెట్టె మీద పెట్టి, "నీళ్ళ జబ్బయితే ఈ రెండెముకల మధ్య పొర సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. మీ ఊరివాళ్ళవన్నీ అలాగే ఉన్నాయి. ఈవిడ గోడకు ఎవరూ సున్నం కొట్టలేదే" అన్నారు. తర్వాత ఎమ్మారై చూశాం. తుంటి కీళ్ళ దగ్గర తెల్లగా మెరుస్తోంది. అంటే అక్కడ వాపు ఇంకా రగులుతూనే ఉందన్నమాట. రక్తపరీక్ష కూడా అటే మొగ్గింది.

పెద్దసారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన తనను సమర్థించుకుంటారని అనుకున్నాను. "ఇలాంటివాళ్ళను ఇంకెంతమందిని పోలిక గుంపులో వేశాం మనం?" అన్నారు. ఆ మధ్యాహ్నమే, పంపడానికి సిద్ధంగా ఉన్న మా వ్యాసాన్ని ఆపేయించారు. అందులో చిన్న డాక్టరమ్మాయి కష్టం ఎంతో ఉంది. ఆమె బయటికి పోయి ముఖం కడుక్కుని వచ్చి, "మేడం, ఆ ప్రశ్న మార్చి మళ్ళీ మొదటి ఇంటి నుంచి అడుగుదాం" అంది. పనిలో ఇలాంటివాళ్ళు దొరకడం అదృష్టం.

ఆశమ్మకు నేనే చెప్పాను. ఇది నీళ్ళ జబ్బు కాదు, దీనికి మందులున్నాయి అంటే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఈ మాట ఎవరికన్నా చెప్పినారా?"

"లేదు. నీ ఒంటి సంగతి నీది. నువ్వు చెప్పమంటే తప్ప చెప్పం."

"అయితే చెప్పొద్దండి. మందులు కూడా వద్దు."

ఎందుకని అడిగాను.

"వచ్చిన ప్రతి ఆఫీసరుకూ నా నడుమే చూపించినా మేడం. ఇప్పుడు ఇది నీళ్ళది కాదంటే ఏమంటారు? ఈళ్ళంతా అబద్ధాలు చెప్తాండారు అంటారు. మందులు మింగి నిలువుగా నిలబడితే అంతకన్నా ఎక్కువ అంటారు. పైపు వచ్చేదాకా ఇది ఇట్లనే ఉండనీ."

"పూసలు అతుక్కుపోతే మళ్ళీ విడిపించలేం. ఆలస్యమయ్యేకొద్దీ నీకే నష్టం."

"ఊర్లో పసిపిల్లోళ్ళు ఉండారు గదా" అంది.

నేను జబ్బును వెతుక్కుంటూ ఆ ఊరు పోయాను. ఆమె నీళ్ళ కోసం నన్ను రానిచ్చింది. ఇద్దరి పనులూ ఇప్పుడు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటే చెవుల్లో ఉండేది. బలవంతం చేసే హక్కు నాకు లేదు. వదిలేసే మనసూ లేదు.

ఈలోగా చిన్న డాక్టరమ్మాయి ప్రశ్న మార్చింది. "పొద్దున లేస్తానే నడుము పట్టుకుంటాదా? తిరిగితే ఇడుస్తాదా?" గుంటూరు యాసలో ఆమె 'ఇడుస్తాదా' అంటుంటే ఊళ్ళోవాళ్ళు కావాలనే రెండోసారి అడిగించుకునేవాళ్ళు. ఎక్కువమంది జవాబు అటూ ఇటూ మారలేదు. వాళ్ళది నీళ్ళ నడుమే. ఒక్క కుర్రవాడు మాత్రం తలూపాడు. ట్రాక్టరు నడిపేవాడు. పొద్దున పూట బండి ఎక్కలేక పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. నీళ్ళదే కదా, మందేముంటుందని ఆస్పత్రికి కూడా పోలేదు. అతన్ని పరీక్షలకు వెంటబెట్టుకుని వచ్చింది ఆశమ్మే. అతనికీ ఆమె జబ్బే ఉందని తేలింది.

అతను బయటికి పోయాక ఆమె లోపలే నిలబడింది.

"నా నడుము నా ఇష్టం అనుకుంటి" అంది. "ఈ పిల్లోని నడుము నాది కాదు గదా మేడం. నేను దాచిపెడితే ఈడు కూడా దాచిపెట్టల్ల. రాసియ్యండి, ఇద్దరికీ."

ఇద్దరికీ మాత్రలు ఒకేరోజు మొదలయ్యాయి. మాత్రలతో పాటు వ్యాయామాలు. వాకిట్లో గోడకు ఆనుకుని ఆమె చేతులు పైకెత్తుతుంటే, గొర్రెలు తోలుకుని వచ్చే మొగుడు చూసి, "ఎవురికి మొక్కుతాండావు?" అనేవాడట. కొన్ని వారాల్లోనే తేడా తెలిసింది. అతుక్కున్న చోట అతుక్కున్నట్టే ఉన్నా, మిగిలిన వెన్ను కదలడం మొదలుపెట్టింది.

అప్పుడే నీళ్ళ శాఖ నుంచి ఒక పెద్ద ఆఫీసరు ఊరికి వస్తున్నాడని తెలిసింది. మేము ఇస్తామన్న కాగితం సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ఆస్పత్రి దాటి బయటికి రాని పెద్దసారు, "నేనూ వస్తాను" అన్నారు.

బడి వరండాలో కుర్చీలు వేశారు. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. అలసిపోయిన మనిషి. అంతకుముందు ఒకసారి వచ్చి పోయినవాడే. ఆశమ్మను చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమ్మా, నడుము బాగైనట్టుందే?"

నేను లేవబోయాను. ఆమె కళ్ళతోనే వద్దంది.

"బాగైతాండాది సార్. నాది నీళ్ళది కాదంట. వేరే జబ్బంట. నాకు తెలీక ఇన్నాళ్ళూ నీళ్ళదనే మీకు చూపించినా. తెలిసినాక దాచిపెట్టేది తప్పని చెప్తాండా. నాదీ, ఇంగొక పిల్లోనిదీ, రెండు నడుములు తీసేయండి. మిగిలినోళ్ళవి చూడండి."

ఆఫీసరు పక్కనున్న మనిషి వెంటనే అందుకున్నాడు. "అంటే మిగిలినోళ్ళది కూడా వేరే జబ్బు కావచ్చు గదా." ఆమె భయపడిన మాట అదే. అక్షరం పొల్లుపోలేదు. అరుగు మీది పెద్దాయన ఆమె వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

పెద్దసారు లేచి, కవరులోంచి రెండు ఎక్స్‌రేలు తీసి వరండా దిగారు. అక్కడ దీపం పెట్టె ఎక్కడిది? ఆకాశానికి ఎత్తి పట్టుకున్నారు. "ఇటు రండి. ఇది ఈమె ముంజేయి. ఇది ఆ పెద్దాయనది. తేడా చూడడానికి డాక్టరే కానక్కర లేదు." ఆఫీసరు ఎండలోకి దిగి, కళ్ళు చిట్లించి చూశాడు. ఒకదాంట్లో ఎముకల మధ్య నల్లగా, ఖాళీగా ఉంది. రెండోదాంట్లో తెల్లగా మూసుకుపోయింది.

"కానివాళ్ళను మేమే ఏరేశాం," అన్నారు పెద్దసారు. "ఒక్కొక్కరినీ చూసి ఏరేశాం. మిగిలినవాళ్ళు నీళ్ళవాళ్ళని నేను సంతకం పెడతాను."

పెద్దాయన అరుగు దిగి వచ్చి, తన చెయ్యి ఆఫీసరు ముందు చాచాడు. "ఫోటో సాలకుంటే చెయ్యే చూడప్పా." ఆఫీసరు ఆ చెయ్యి పట్టుకుని మోచేయి చాపబోయాడు. అది తిన్నగా రాలేదు. కాసేపు ఆయన ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత కాగితం మీద మా సంతకాలు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

పైపు ఆ నెలలో రాలేదు. ఆ ఎండాకాలమూ రాలేదు. మా కాగితం వల్లే వచ్చిందని నేను అనను. దానికోసం తిరిగినవాళ్ళు చాలామంది. కానీ వచ్చింది. పెద్దాయన నడుము నిటారు కాలేదు, కాదు కూడా. అది ఆయనకు మేము ముందే చెప్పాం. ఆ పైపు వచ్చాక పుట్టిన పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పుడు ఆశమ్మ నాకు ఫోటోలు పంపింది. తెల్లటి పళ్ళు.

ఆమెకు మాత్రలు సగందాకే పనిచేశాయి. తర్వాత ఇంజెక్షన్లు కావలసి వచ్చాయి. అవి ఇప్పించడానికి మేము ఎక్కని మెట్లు లేవు. ట్రాక్టరు కుర్రవాడు మళ్ళీ బండెక్కాడు. ఒకసారి ఆశమ్మ ఫోన్ చేసి, "మేడం, ఈ పొద్దు మా ఆశా వర్కర్ల మీటింగులో అయిపొయ్యేదాకా కూచున్యా. అది అంత ఇసుగ్గా ఉంటాదని ఇన్నాళ్ళూ తెలీలే" అంది.

మా వ్యాసం ఆలస్యంగా, మేము అనుకున్న పెద్ద పత్రికలో కాకుండా చిన్నదాంట్లో వచ్చింది. మేము వెతికిన కొత్త సంగతి అందులో తేలలేదు. పరిశోధనలో చాలావరకు ఇంతే. దానికి మీరు కుంగిపోనక్కర లేదు. మార్చిన ఆ ఒక్క ప్రశ్న మాత్రం మా తర్వాత కూడా నడుస్తోంది.

నేను రిటైరయ్యే వారంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్ళ నాయన తీసుకువచ్చాడు. పక్క మండలంవాళ్ళు. వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త ఆ ప్రశ్న అడిగి పంపిందట. ఆయనకు రావడం ఇష్టం లేదని ముఖంలోనే తెలుస్తోంది. "ఈ వయసులో నడుం నొప్పేంది మేడం? పొద్దున పని తప్పించుకునేకి ఇదొక సాకు" అన్నాడు. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ నిలబడింది.

అప్పటికి విభాగం చూసుకుంటున్నది గుంటూరు డాక్టరమ్మే. ఆమె ఇప్పుడు చిన్నది కాదు. పరీక్షలన్నీ అయ్యాక ఆ నాయనను కూర్చోబెట్టి, ఎక్స్‌రే చూపించి, "ఎముక ఎక్కడా చెడలేదు" అంది.

"నేను చెప్పలేదా? ఏమీ లేదనేగదా?"

"ఉండాది," అంది డాక్టరమ్మ. ఎమ్మారై బొమ్మలో చిన్న తెల్లటి మచ్చ చూపించింది. "ఉండాది గాని, ఈసారి దానికన్నా మనం ముందొచ్చినాం. మందులు వాడితే ఈ అమ్మాయి వెన్ను మీ వెన్ను మాదిరే ఉంటాది."

ఆయన ముందుకు వంగి ఆ మచ్చను దగ్గరగా చూశాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. ఆయన లేచి, గోడ దగ్గర నిలబడ్డ కూతురి చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

"పొద్దున్నించీ ఏమీ తినలే గదా నువ్వు," అన్నాడు. "దా, ముందు ఏమన్నా తిందాం."